బీరువాకున్న పాటి కాపలా ఫోన్‌కి లేదు

"మేము దిగువ సంతకములు చేసిన మధ్యవర్తులము, సబ్ ఇన్‌స్పెక్టరు వారు పిలువగా హాజరై..." పోలీసులు సోదా చేసి రాసే ఏ పంచనామా తీసినా కాస్త అటూ ఇటూగా ఈ వరసలోనే మొదలవుతుంది. తర్వాత ఇంటి హద్దులు వస్తాయి: తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర సిమెంటు రోడ్డు. ఆ పైన ఎన్ని గదులు, ఏ మూల ఏ బీరువా, ఎన్నో అరలో ఏం దొరికింది, బంగారమైతే ఎన్ని గ్రాములు, డబ్బయితే ఏ నోట్లు ఎన్ని. చివర ఇద్దరు మధ్యవర్తుల సంతకాలు, ఇంటాయనకి ఒక నకలు. చదవడానికి మహా విసుగు. కానీ రక్షణంతా ఆ విసుగులోనే ఉంది. రెండో అరలో దొరికిందని రాసింది కోర్టులో మూడో అరకి మారిందంటే డిఫెన్సు లాయరు ఊరుకోడు.

అదే పంచనామాలో ఫోన్ సంగతి తరచూ ఒక్క వాక్యంతో సరి. "నలుపు రంగు సెల్‌ఫోను ఒకటి, సిమ్ముతో సహా." పదేళ్ల ఫొటోలు, బ్యాంకు లావాదేవీలు, డాక్టరుకి పంపిన రిపోర్టులు, మొగుడూ పెళ్లాల తగువులు, వెళ్లొచ్చిన ప్రతి చోటూ ఆ ఒక్క వాక్యంలోనే సర్దుకోవాలి.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. బ్రిటిష్ కాలపు చట్టాలు వదిలించుకున్నామని ప్రభుత్వం చెప్పుకుంది. సోదాలు, నిఘా వరకు చూస్తే మార్పులు లేకపోలేదు. ఒకటి రెండు నిజంగా మంచివి కూడా. కానీ రెండు పాత ప్రశ్నల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పోలీసులకి ముందుగా "సరే, చూసుకో" అనాల్సింది ఎవరు? చూడకూడని విధంగా చూస్తే పోలీసులకి పోయేదేమిటి?

తలుపు తట్టే చట్టం

ముందు ఇంటి సోదా సంగతి. పుస్తకం ప్రకారం అసలు దారి కోర్టు వారంటు. అయితే కొత్త సంహితలోని 185వ సెక్షన్ (పాత 165) ఇంకో దారి ఇస్తుంది. వారంటు తెచ్చేలోగా ఆలస్యమై వస్తువు చేజారుతుందని నమ్మడానికి తగిన కారణం ఉంటే, దర్యాప్తు అధికారి ఆ కారణాన్నీ, దేనికోసం వెతుకుతున్నదీ ముందు కాగితం మీద పెట్టి సోదాకి వెళ్లొచ్చు. దీన్ని మినహాయింపుగానే రాశారు. వాడుకలో మాత్రం ఇదే రాచబాట. వారంటు చేతపట్టుకుని వచ్చిన ఎస్‌ఐని చూసినవాళ్లు తక్కువ.

ఎలా వచ్చినా 103వ సెక్షన్ (పాత 100) నియమాలు వర్తిస్తాయి. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి. ఇంటివాళ్లని దగ్గరుండి చూడనివ్వాలి. ఆడవాళ్లని వెతకాల్సొస్తే ఆడ మనిషే వెతకాలి. ఘోషా పాటించే స్త్రీలు ఉన్న గదిలోకి పోవాలంటే ముందు చెప్పి, వాళ్లు పక్కకి తప్పుకునే వీలివ్వాలి. పందొమ్మిదో శతాబ్దపు మర్యాదలు ఇంకా ఆ అక్షరాల్లో బతికే ఉన్నాయి. అసలు చిక్కు సాక్షులతోనే. వీధిలోవాళ్లు కోర్టు చుట్టూ తిరగలేక మొహం చాటేస్తారు. పోలీసులు వీఆర్‌వోనో, ఎప్పుడూ పిలిస్తే వచ్చే మనిషినో తెచ్చుకుంటారు. విచారణ నాటికి సగంమంది "ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు" అని అడ్డం తిరుగుతారు.

దీనికి మందుగా వచ్చిందే 105వ సెక్షన్. ఇకమీదట సోదానీ, జప్తునీ, జాబితా రాయడాన్నీ, సాక్షులు సంతకం పెట్టడాన్నీ వీడియో తీయాలి. మొబైల్ ఫోన్‌తో తీస్తే మేలని చట్టమే అంటోంది. ఆ రికార్డింగును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి పంపాలి. సోదాకి ముందు రాసుకున్న కారణాల నకలు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకి చేరాలి. పాత చట్టంలో "వెంటనే" అనే ఉండేది, గంటల లెక్క లేదు. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ, ఈ-సాక్ష్య అనే యాప్ కూడా తయారుచేసింది.

ఇది మంచి మార్పే, సందేహం లేదు. సాక్షి అడ్డం తిరగగలడు గానీ వీడియో తిరగదు. పోలీసులకీ లాభమే. ఇల్లంతా చిందరవందర చేశారనీ, నగలు మాయం చేశారనీ ఊరికే నింద వేస్తే చూపించడానికి ఆధారం ఉంటుంది. అయితే వీడియో తీయకపోతే ఏమవుతుందో 105లో ఒక్క ముక్క లేదు. సోదా చెల్లదనీ అనలేదు, దొరికిన సరుకు సాక్ష్యానికి పనికిరాదనీ అనలేదు. కెమెరా ఆన్ చేసే ముందు గదిలో ఏం జరిగిందని అడిగినా జవాబు లేదు.

నెల్లూరు వకీలు, రాజమండ్రి జడ్జి

మన రాజ్యాంగంలో సోదాల మీద విడిగా రక్షణ లేదంటే చాలామంది నమ్మరు. అమెరికాలో నాలుగో సవరణ ఉంది. ఇక్కడ అలాంటిది పెడదామన్న ఆలోచన 1947లోనే వచ్చింది. ఉత్తరాల గోప్యతని ప్రాథమిక హక్కు చేస్తే కోర్టుల్లో సాక్ష్యాల సేకరణకి అడ్డమవుతుందని కాదన్నవారిలో ముఖ్యుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టి మద్రాసులో పేరు మోసిన వకీలు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ మళ్లీ ఒక సవరణ ప్రతిపాదించారు. అంబేద్కర్ దానికి ఒప్పుకోవడానికి సిద్ధమే అన్నారు కూడా. అయినా ఓటింగులో అది వీగిపోయింది.

1954లో సుప్రీంకోర్టు ఎనిమిదిమంది జడ్జీల బెంచి ఇదే పట్టుకుంది. రాజ్యాంగకర్తలు కావాలనే వదిలేసిన హక్కుని మేం లాక్కొచ్చి పెట్టలేం అంది. 1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో ఆధారాల్లేక విడుదలైన మనిషి ఆయన. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి తలుపు బాది, నిద్రలేపి, ఉన్నాడో లేడో చూసి పోయేవారు. ఆ రాత్రి తనిఖీలు ఒక్కటే చెల్లవని మెజారిటీ జడ్జీలు కొట్టేశారు. ఇంటి మీద రహస్య కాపలా, రాకపోకల మీద రిపోర్టులు మాత్రం ఉండనిచ్చారు.

ఆ బెంచిలో ఒప్పుకోనివారు ఇద్దరు. వాళ్ల తరఫున విడిగా తీర్పు రాసింది కోకా సుబ్బారావు. రాజమండ్రి మనిషి, గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి. పోలీసు చూపు వెంటాడుతుంటే తిరిగే తిరుగుడు స్వేచ్ఛ ఎలా అవుతుందనీ, అలాంటివాడికి దేశమంతా జైలేననీ రాశారాయన. మొత్తం నిబంధనే కొట్టేయాలన్నారు. ఆ మైనారిటీ మాటే సరైనదని చెప్పడానికి సుప్రీంకోర్టుకి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనని తేల్చారు.

మధ్యలో మన ఉమ్మడి రాష్ట్రం కూడా ఈ కథలో ఒక పాత్ర వేసింది, మంచి పాత్ర కాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టానికి ఒక సవరణ చేసింది. కలెక్టరు రాతపూర్వకంగా పంపితే చాలు, "ఏ వ్యక్తి" అయినా ఏ చోటికైనా పోయి కాగితాలు చూడొచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు. అధికారే అయివుండాలని కూడా లేదు. బ్యాంకుల్లో ఉన్న ఖాతాదారుల కాగితాలు ఈ వలలో పడ్డాయి. కెనరా బ్యాంకు కేసులో 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఈ సవరణ చెల్లదంది. బ్యాంకుకి ఇచ్చినంత మాత్రాన కాగితం మీద నీ గోప్యత పోదు, ప్రైవసీ ఉండేది చోటుకి కాదు, మనిషికి అని చెప్పింది. ఈనాడు మన బతుకంతా వేరేవాళ్ల సర్వర్లలో ఉంది కాబట్టి ఆ మాట విలువ అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ. కొత్త సంహిత రాసినవాళ్లు దాన్ని పట్టించుకున్న జాడ మాత్రం కనపడదు.

ఫోన్ వినే చట్టం

ఇంటి సోదాకి కనీసం మీరు ఎదురుగా ఉంటారు. ట్యాపింగులో ఉండరు. అందుకే అనుమతి ఎవరిస్తున్నారన్నది అక్కడ మరీ ముఖ్యం.

టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ మాట ఇది: ప్రజా అత్యవసర పరిస్థితి ఉన్నా, ప్రజాభద్రతకి అవసరమైనా, దేశ సమగ్రత, శాంతిభద్రతలు వంటి కారణాలతో ఫోన్లు వినొచ్చు. ఎలా వినాలో నూరేళ్లు దాటినా రూల్సు రాయలేదు. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పదవి ట్యాపింగు గొడవలోనే పోయింది. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగుపై సీబీఐ నివేదిక బయటికొచ్చాక పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది: హోం సెక్రటరీయే ఉత్తర్వు ఇవ్వాలి, గడువు ఉండాలి, రివ్యూ కమిటీ ఉండాలి. ముందుగా జడ్జి అనుమతి కావాలన్న వాదన మాత్రం నెగ్గలేదు. చట్టంలో లేనిది మేం పెట్టలేమంది కోర్టు.

అప్పట్నుంచి ఇదే చట్రం. 2007లో 419ఏ రూలుగా, 2024 డిసెంబరులో కొత్త చట్టం కింద కొత్త రూల్సుగా పేరు మార్చుకుంది. ఉత్తర్వు 60 రోజులు, పొడిగిస్తే మొత్తం 180. రాష్ట్రంలో రివ్యూ కమిటీకి చీఫ్ సెక్రటరీ అధ్యక్షుడు, లా సెక్రటరీ, మరో సెక్రటరీ సభ్యులు. అంటే అడిగేది ప్రభుత్వం, ఇచ్చేది ప్రభుత్వం, సరిగ్గా ఇచ్చారా అని చూసేదీ ప్రభుత్వమే.

సరే, చూస్తున్నారనే అనుకుందాం. కేంద్రం నెలకి 7,500 నుంచి 9,000 దాకా ట్యాపింగు ఉత్తర్వులు ఇస్తోందని ఒకప్పుడు ఆర్టీఐ జవాబులో బయటపడింది. రెండు నెలలకోసారి కూర్చునే రివ్యూ కమిటీ ముందుకి ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు వస్తాయని 2018లో డేటా రక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రాసింది. ఎనిమిది గంటలు టీ కూడా తాగకుండా కూర్చున్నా ఒక్కో ఉత్తర్వుకి దక్కేది రెండు సెకన్లు. పేరు చదవడానికే చాలదు.

ఇక "ప్రజాభద్రత" అంటే ఏమిటన్నదాని మీద కోర్టులే ఒక మాట మీద లేవు. 2025లో కొద్ది రోజుల తేడాతో రెండు తీర్పులు వచ్చాయి. అవినీతి కేసులోనూ ప్రజాభద్రత ఉంటుందని ఢిల్లీ హైకోర్టు ట్యాపింగుని సమర్థించింది. మామూలు నేరం పట్టుకోవడానికి ఈ అధికారం వాడకూడదని మద్రాసు హైకోర్టు, లంచం కేసులో 2011 నాటి ఉత్తర్వుని కొట్టేసింది. రెండు కేసులూ లంచాల చుట్టూ తిరిగినవే. 2023 చట్టం రాస్తున్నప్పుడు ఆ పదాన్ని నిర్వచించి ఉంటే సరిపోయేది. పాత పదాలనే దింపుకుని, పక్కన "విపత్తు నిర్వహణ" అని ఇంకోటి చేర్చారు. ఇంటర్నెట్టు సంగతికొస్తే ఐటీ చట్టం 69వ సెక్షన్ ఇంకా వదులు. అక్కడ అత్యవసర పరిస్థితి కూడా అక్కర్లేదు, ఏదైనా నేరం దర్యాప్తులో ఉంటే చాలు.

2024 రూల్సులో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. అత్యవసరంలో పోలీసు పెద్దలే సొంతంగా ట్యాపింగు మొదలుపెట్టి ఏడు పనిదినాల్లో హోం సెక్రటరీ ఆమోదం తెచ్చుకోకపోతే, అలా విన్నది ఎందుకూ వాడకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా. పాత రూలులో ట్యాపింగు ఆపేయాలని మాత్రమే ఉండేది. తప్పు చేస్తే సరుకు పోతుందని ఈ మొత్తం వ్యవస్థలో ఇంత తేటగా రాసుకున్న చోటు నాకు తెలిసి ఇంకోటి లేదు.

చేతిలోని ఫోన్

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయేవాళ్లని ఆపి, ఫోన్ తీయించి, వాట్సాప్‌లో "గంజాయి" అన్న మాట వెతుకుతున్న వీడియోలు తిరిగాయి. ఏ సెక్షన్ కింద అంటే ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఆపి జేబులు తడమడం, ఫోన్ తెరిపించడం ఒకటే అన్నట్టు నడిచిపోయింది. జేబులో పర్సు ఉంటుంది, ఫోన్‌లో ఇల్లు ఉంటుంది.

కొత్త సంహిత 94వ సెక్షన్ (పాత 91) డాక్యుమెంట్లతో పాటు డిజిటల్ సాక్ష్యం ఉండే పరికరాలనీ తెచ్చివ్వమనే అధికారం ఇస్తోంది. దానికి స్టేషన్ అధికారి రాసిన నోటీసు చాలు, కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. తెచ్చిచ్చాక? ఎవరు తెరవొచ్చు, దేనికోసం తెరవొచ్చు, కేసుకి సంబంధం లేని ఫొటోలు ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు, పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయొచ్చా? చట్టం నోరు విప్పదు. పాస్‌వర్డ్ మీద హైకోర్టులు తలో మాట అంటున్నాయి. 2023 నవంబరులో జర్నలిస్టుల సంస్థ వేసిన పిటిషన్ మీద, దర్యాప్తు సంస్థలకి ఇంత అధికారం ప్రమాదకరమని సుప్రీంకోర్టు అంది. మార్గదర్శకాలు తయారుచేయమని కేంద్రానికి చెప్పింది. అవి వచ్చేదాకా కనీసం సీబీఐ మాన్యువల్ పాటిస్తామని కేంద్రం డిసెంబరులో ఒప్పుకుంది. ఒక శాఖ తన సిబ్బంది కోసం రాసుకున్న మాన్యువల్ దేశానికంతటికీ చట్టం స్థానంలో కూర్చుంది.

విచిత్రమేమిటంటే ఇందుకు కావాల్సిన పనిముట్టు చట్టంలోనే ఉంది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. ఫైల్లో ఒక్క అక్షరం కదిలినా మారిపోయే అంకె అది, డిజిటల్ వేలిముద్ర అనుకోండి. అది కోర్టుకి ఇచ్చే రోజున కాకుండా ఫోన్ లాక్కున్న రోజునే, మధ్యవర్తుల ముందు, కాపీ తీసి పంచనామాలో రాస్తే సగం గొడవ తీరుతుంది. కాపీ పోలీసుల దగ్గర ఉంటుంది, ఫోన్ మనిషి చేతికి తిరిగొస్తుంది. మధ్యలో ఎవరైనా ఏదైనా చొప్పించారా అన్న అనుమానమూ ఉండదు. బంగారాన్ని తూచి రాసే అలవాటు ఉన్నవాళ్లకి ఇది కొత్త విద్యేం కాదు.

తప్పు చేస్తే పోయేదేమిటి

1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇప్పటికీ నడుస్తోంది: సోదా చట్టవిరుద్ధమైనా దొరికిన వస్తువు కేసుకి సంబంధించినదైతే సాక్ష్యంగా పనికొస్తుంది. దీనికి తర్కం లేకపోలేదు. కానిస్టేబుల్ పొరపాటుకి హంతకుడిని వదిలేయమంటారా అని అడిగితే అవునని చెప్పడం కష్టం. మాదకద్రవ్యాల చట్టంలో మనిషి ఒంటి సోదాకి సంబంధించిన 50వ సెక్షన్ విషయంలో మాత్రం కోర్టు కఠినంగా ఉంది. నియమం తప్పితే ఆ దొరకడం మీద శిక్ష నిలవదని 1999లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఫలితం చూడండి. ఆ కేసుల్లో "గెజిటెడ్ అధికారి ముందు సోదా కావాలా" అని అడిగి, రాయించి, సంతకం పెట్టించుకోవడం ప్రతి ఎస్‌ఐకీ కంఠతా వచ్చు. కేసు పోతుందన్న భయం నేర్పిన పాఠం అది.

ఈ రెంటికీ నడుమ దారి ఉంది. న్యూజిలాండ్‌లో 2007లో పోలీసులు తీవ్రవాద శిక్షణ జరుగుతోందన్న అనుమానంతో ఉరెవెరా అడవుల్లో, మావోరీల భూమిలో రహస్య కెమెరాలు పెట్టారు. అలా పెట్టే అధికారం ఏ చట్టంలోనూ లేదని 2011లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చడంతో చాలామంది మీద కేసులు ఎత్తేయాల్సి వచ్చింది. ప్రభుత్వం హడావిడిగా తాత్కాలిక చట్టం తెచ్చి, 2012లో సోదా, నిఘా రెండింటికీ కలిపి ఒకే చట్టం చేసింది. మనిషి ఇంట్లోకి చొరబడే నిఘాకి జడ్జి వారంటు కావాలి. గడువయ్యాక నెలలోపు ఏం చేశారో జడ్జికే రిపోర్టు ఇవ్వాలి. తప్పుగా సంపాదించిన సాక్ష్యాన్ని కోర్టు ఒక వైపు తప్పు ఎంత పెద్దది, రెండో వైపు నేరం ఎంత పెద్దది అని తూచి ఉంచుతుంది, లేదా తీసేస్తుంది. గుడ్డిగా ఉంచడమూ లేదు, తీసేయడమూ లేదు.

జడ్జి అనుమతి పెడితే అన్నీ సర్దుకుంటాయని నేననను. రిమాండ్ రిపోర్టుల మీద మన కోర్టుల్లో సంతకాలు ఎంత వేగంగా పడతాయో తెలిసినవాళ్లెవరూ అనరు. పనిభారంతో మునిగిపోయిన మేజిస్ట్రేటు కూడా రెండు సెకన్ల రబ్బరు స్టాంపు కాగలడు. అయినా తేడా ఉంది. జడ్జి ముందుకి పోవాలంటే కారణం రాయాలి, ఆ కాగితం ప్రభుత్వం గడప దాటి ఇంకోచోట ఉంటుంది. ఆలస్యమైపోతుందన్న పోలీసుల అభ్యంతరానికి, అత్యవసర నిబంధన ఇప్పటికే ఉంది కదా అన్నదే జవాబు.

ఆ కాగితం ఇంకోచోట ఎందుకు ఉండాలో తెలంగాణలో చూస్తున్నాం. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన కేసు స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో పనిచేసిన అధికారుల మీద. మావోయిస్టుల మీద పెట్టాల్సిన నిఘాని నాయకులు, వ్యాపారులు, జర్నలిస్టుల మీదికి మళ్లించారనీ, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ ఆరోపణ. జడ్జీల ఫోన్లు కూడా విన్నారన్న వార్తల మీద హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. నిందితులు కాదంటున్నారు, రుజువు కావాల్సింది కోర్టులో. కానీ ఒక సంగతి మాత్రం తీర్పు దాకా ఆగక్కర్లేదు. ట్యాపింగు పూర్తయ్యాక ఆ మనిషికి చెప్పాలని మన రూల్సులో ఎక్కడా లేదు. పైగా ఆరు నెలలకోసారి రికార్డులు నాశనం చేయాలని ఉంది. గోప్యత కోసం పెట్టిన ఆ రూలు తప్పుని కప్పెట్టడానికీ పనికొస్తుంది. తమ నంబరు ఆ జాబితాలో ఉందని చాలామందికి తెలిసింది 2025లో, సిట్ అధికారులు వాంగ్మూలం ఇవ్వడానికి రమ్మని పిలిచినప్పుడు. ఆ కబురు కూడా ఫోన్‌లోనే వచ్చింది.